పసుపు తాడు కట్టిన కాయితం

మొదటి రోజు

ఈ రోజు నలభై మూడు కాయితాలకు తాళ్లు కట్టాను. నలభై రెండింటి కోసం ఎవరూ ఎదురు చూడలేదు. నలభై మూడోది చెరువు కాయితం. దాని కోసం పన్నెండు రోజులుగా ఊరంతా నా గది ముందు తచ్చాడుతోంది. కాబట్టి ఆ సంగతి వేరే పుస్తకంలో రోజు వారీగా రాసి పెడుతున్నాను.

మా నాలుగో సొరంగంలో నూకరత్నమనే నేను ఏం పని చేస్తానో తెలియనివాళ్లు లేరు. ఈ పుస్తకం ఇంకో సొరంగానికి చేరితే అక్కడివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. పాతకాలం వాళ్లు ముచ్చటపడి శీర్షికలన్నీ ఎర్ర సిరాతో అచ్చు వేసుకున్నారు. ఎండల ఏళ్లలో ఎరుపంతా వెలిసిపోయింది, నల్ల అక్షరాలే మిగిలాయి. ఇప్పుడు పాత కాయితాల మూట విప్పితే వచ్చేవన్నీ తల లేని కాయితాలు. ఏ కాయితం ఎందుకు రాశారో అందులో విషయాన్ని ఎలా పేర్చారో చూసి కనిపెట్టాలి. ఒకదాని తర్వాత ఒకటి చేయమని చెప్పేదానికి పసుపు తాడు. ఒకదాని వల్ల ఇంకొకటి జరిగిందని చెప్పేదానికి ఎరుపు. రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చేదానికి నీలం. చిక్కు చెప్పి దాన్ని తీర్చే దారి చెప్పేదానికి ఆకుపచ్చ. ఉన్నది ఉన్నట్టు వర్ణించేదానికి తెలుపు. తెల్లవి బడికి వెళ్తాయి, ఎర్రవి జాగ్రత్తల అరలోకి. పసుపువి నేరుగా పనివాళ్ల చేతికి వెళ్తాయి. పసుపు తాడు కనబడితే మా ఊళ్లో ఎవరూ మళ్లీ ప్రశ్న వేయరు, అందులో ఉన్నట్టు చేసుకుపోతారు.

ఇరవై ఆరేళ్లుగా తాళ్లు కడుతున్నాను. కట్టినది ఒక్కటీ విప్పలేదు. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను.

పొద్దున మా మరిది ఎర్నాయుడు వచ్చి గడపలో కూర్చున్నాడు. చెరువు చూసుకునేది అతనే. నా చేతిలో మేకపాలు, గేదెపాలు అంటూ మొదలైన కాయితం చూసి, "నీలం గదా వదినా" అన్నాడు. చివరిదాకా చదివితే అందులో ఉన్నది పాలు విరిగిపోకుండా ఏం చేయాలన్న సంగతి. ఆకుపచ్చ తాడు కట్టాను. మొదటి వాక్యం చూసి తాడు లాగేవాళ్లను ఈ గదిలోకి రానివ్వకూడదని అతని మొహం మీదే అన్నాను. ఎప్పుడూ నవ్వేవాడు, ఈ రోజు నవ్వలేదు.

"పచ్చతనం రోజురోజుకీ తగ్గిపోతంది వదినా. నాకేటి సెయ్యాలో తెల్డం నేదు. ఏదో కాయితం తియ్యి" అన్నాడు.

చెరువంటే సొరంగం నడిమధ్య దీపాల కింద ఉన్న పచ్చనాచు మడుగు. నాలుగు వందల పన్నెండు మందికి గాలి దాని నుంచే వస్తుంది, అంబలిలో కలిపే పచ్చపిండీ దాని నుంచే. అది చచ్చిపోతే సొరంగం వదిలేసి ఎండలో పదకొండు కిలోమీటర్లు నడిచి ఆరో సొరంగానికి పోవాలి. ముసలివాళ్లు సగం దారి కూడా చేరరు.

మధ్యాహ్నం మూటలో దొరికింది. కింది సగం కాలిపోయిన కాయితం. నాచు మడుగు గురించే ఉంది. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

మొదటి రోజు: గాలి పంపుల వేగం సగానికి తగ్గింపు. రెండో రోజు: మీద తేలిన తెట్టు తీసివేత. మూడో రోజు: సున్నపు నీళ్ల చేర్పు. నాలుగో రోజు: నురుగు తొలగింపు. ఐదో రోజు: సగం దీపాలు ఆపివేత. ఆరో రోజు: పిల్లలను, ముసలివారిని పై సొరంగానికి తరలింపు.

అంతే, మిగతాది కాలిపోయింది. వేళ్ల మీద లెక్క పెట్టినట్టు రోజులు ఉన్నాయి. చెరువుకు ముందు విశ్రాంతి ఇచ్చి, తర్వాత శుభ్రం చేసి, చివర ఊపిరి పీల్చేవాళ్లను తగ్గించి కోలుకోనివ్వడం. చక్కగా అర్థమైంది. పసుపు తాడు బిగించి ఎర్నాయుడి చేతిలో పెట్టాను.

"ఇదిగో నీ కాయితం. ఇంక గడపలో కూకోకు" అన్నాను.

చీకటి పడకముందే పంపులు సగానికి దించారు.

రెండో రోజు

పొద్దున అంబలి తాగుతుంటే ఎర్నాయుడు వచ్చాడు. నడకలోనే హుషారు తెలుస్తోంది.

"సూసావా వదినా, తెట్టు తేలిపోనాది. తెట్టొస్తాదని ముందే రాసీసినారు. ఆ కాలపోల్లు మామూలోల్లు కాదు."

"నాను కట్టిన తాడు ఎప్పుడైనా వొట్టిపోనాదేటి?" అన్నాను.

మా ఊరిపెద్ద అసిరమ్మ తెట్టు తీసే చోటికి స్వయంగా వచ్చి చూసి, నా భుజం తట్టి వెళ్లింది. ఆమెకు డెబ్భై రెండేళ్లు, ఎవరి భుజమూ ఊరికే తట్టదు. ఈ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. పాత బల్బుల వర్ణన ఒకటి, రెండు రకాల సిమెంటును పోల్చేది ఒకటి, చేపల తెగులు గురించి ఆకుపచ్చవి మూడు కట్టి పంపాను.

మూడో రోజు

సున్నపు నీళ్లు పోశారు. చెరువు వైపు వెళ్తే ముక్కు మూసుకోవలసి వస్తోంది. చెరువు కోలుకునే ముందు అడుగు బురద వాసన పైకొస్తుందని ఎర్నాయుడు అందరికీ చెబుతున్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, "పసుపు తాడుంది గదా" అన్నాడు.

నాలుగో రోజు

నురుగు వచ్చింది. ఉత్తరపు గట్టు పొడుగునా మోకాలి ఎత్తు, బూడిద రంగు. కాయితంలో ఉన్న రోజుకే, అన్నట్టుగానే వచ్చింది. జనం చేటలతో తోడి పోస్తూ నన్ను చూసి చేతులు ఊపారు. నేనూ ఊపాను. కాని గదికి తిరిగి వస్తూ ఆ కాయితంలో మాటలు మళ్లీ ఒక్కొక్కటే అనుకున్నాను.

చేయమని చెప్పే కాయితాలు ఇప్పటికి రెండు వేలకు పైగా చూసి ఉంటాను. ఇటుక కాల్చేదైనా, పాలు తోడు పెట్టేదైనా ఎక్కడో ఒకచోట సరిగ్గా కుదిరితే ఎలా ఉంటుందో చెబుతుంది. రంగు ఇలా మారుతుంది అనో, గట్టిపడుతుంది అనో. ఈ కాయితం ఒక్క మంచి గుర్తూ చెప్పలేదు. రోజుకో కొత్త తంటా, దానికో పని. తెట్టు తీయమంది, తెట్టు ఎందుకు వచ్చింది? పంపులు తగ్గించాం కాబట్టి. నురుగు తీయమంది, నురుగు ఎందుకు వచ్చింది? కుళ్లుతున్న నీళ్లలో సున్నం పోశాం కాబట్టి.

ఈ పుస్తకంలో ఎక్కించిన కాయితం తెరిచి ఈసారి కింది నుంచి పైకి చదివాను. మొదట కంటబడింది ఆరో రోజు.

పిల్లలను ఆరో రోజున ఎందుకు తరలించాలి? ముందే తెలిసి చేయించే మనిషి అయితే ఆ మాట అన్నిటికంటే పైన రాస్తాడు. ముందు పిల్లలను దూరంగా పంపండి, తర్వాత చెరువులో చెయ్యి పెట్టండి అంటాడు. ఆరో రోజు దాకా ఆగి పంపాడంటే ఆరో రోజునే భయం వేసింది. ఈ కాయితం రాసిన మనిషి మనకు పని చెప్పడం లేదు. తన చెరువు ఎలా చచ్చిపోతోందో రోజు రోజూ రాసుకుంటున్నాడు. పంపులు ఎందుకు తగ్గించాల్సి వచ్చిందో నాకు తెలియదు, కరెంటు చాలకేమో. అక్కడి నుంచి ఒకదాని వల్ల ఒకటి వచ్చిపడింది. దీనికి కట్టాల్సింది ఎర్ర తాడు. జాగ్రత్తల అరలో ఉండాల్సిన కాయితాన్ని నేను చెరువు గట్టుకు పంపాను. నాలుగు రోజులుగా ఊరంతా చావు కబురును వంటకంలా వండుకుంటోంది.

మొదటి వాక్యం చూసి తాడు లాగకూడదని ఎర్నాయుడికి పాఠం చెప్పి నాలుగు గంటలు కాకుండానే నేను "మొదటి రోజు" అన్న రెండు మాటలు చూసి తాడు లాగాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదా చూపించుకోలేక మూటను తన్నాను, కాలి బొటనవేలు వాచింది.

ఐదో రోజు

పది గంటలకు సగం దీపాలు ఆపాలి. ఎనిమిదింటికే కబురు పెట్టి అసిరమ్మనూ ఊరివాళ్లనూ చెరువు గట్టుకు పిలిపించాను.

కట్టినవాళ్లే తాడు విప్పాలి, అందరూ చూస్తుండగా విప్పాలి, విప్పాక ఏడాదిపాటు ఒంటరిగా ఇంకో తాడు కట్టకూడదు. అది మా కట్టుబాటు. ఇరవై ఆరేళ్లలో ఇద్దరు విప్పడం చూశాను. వాళ్ల గురించి నేనన్న మాటలు గుర్తొచ్చి ఆ నడక పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

చెప్పవలసింది సూటిగా చెప్పాను. ఈ కాయితం తప్పు చోటికి వచ్చింది, తప్పు నాది, దీపాలు ఆపొద్దు, పంపులు వెంటనే మునుపటి వేగానికి ఎక్కించండి అన్నాను.

అందరికంటే ముందు లేచింది ఎర్నాయుడే.

"నాలుగు రోజులూ కాయితం సెప్పినట్టే అయ్యింది గదా వదినా. తెట్టంది, తెట్టొచ్చింది. నురుగంది, నురుగొచ్చింది. ఇంకేటి కావాల నీకు?"

"అందుకే భయం. ఆ సెరువుకి ఏటయ్యిందో మన సెరువుకీ అదే అవుతంది. బాగయ్యింది అని ఎక్కడైనా రాసుందేటి సూపించు."

"కింద కాలిపోనాది. అక్కడుండి ఉంటాది."

"అక్కడ మంచి మాటే ఉంటే, దాని పైన పిల్లల్ని ఎందుకు పంపించీసినారు? నువ్వయితే ఎప్పుడు పంపిస్తావు, పని మొదలెట్టకముందా, ఊపిరాడకపోతేనా?"

అతనికి ఇద్దరు ఆడపిల్లలు. అయినా పంతొమ్మిదేళ్లుగా సాకిన చెరువు అది, ఆశ ఒక పట్టాన వదలదు.

"మొదట్రోజు కూడా ఇంత గట్టిగానే సెప్పినావు నువ్వు" అన్నాడు.

జనం నా వైపు తిరిగారు. అనాల్సిన మాటే అన్నాడు.

"అవును. ఆరోజు సదవకండా సెప్పినాను. ఈరోజు సదివి సెప్తన్నాను" అన్నాను.

అసిరమ్మ వంగి నురుగు కొంచెం చేటతో ఎత్తి చూసింది. "రత్నం, తాడు ఇప్పీసినావంటే మరి మన సేతిలో ఏ కాయితమూ ఉండదు. కాయితం నేకండా ఈ సెరువుని ఎవులూ ముట్టలేదు" అంది.

"ఎర్నాయుడున్నాడు. పంతొమ్మిదేళ్లు సూసినాడు. ఏ కాయితానికీ అంత తెల్దు."

ముడి గట్టిగా బిగించి కట్టాను మరి, విప్పడానికి గోళ్లు చాలలేదు, పళ్లతో లాగాను. ఎవరూ నవ్వలేదు. తాడు ఊడి చేతిలోకి వచ్చాక ఎర్నాయుడు పంపుల గదికి నడిచాడు. పంపుల హోరు వెంటనే పెరగలేదు. కాయితం లేకుండా పంపుల చక్రం తిప్పడం అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే లోపలికి వెళ్లలేదు. కాసేపటికి పంపులు పెద్దగా హోరెత్తాయి. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

ఆరో రోజు

గాలిదీపం కుదించుకుపోయింది. చెరువు పక్క గూట్లో ఎప్పుడూ వెలిగే ఆ చిన్న దీపం జొన్నగింజంత అయితే గాలి చాలదని మాకు గుర్తు. పొద్దున లేచేసరికి దాదాపు అంతే ఉంది. అందరికీ తలనొప్పి. బడి గదిలో ముగ్గురు పిల్లలు వాంతి చేసుకున్నారు.

పంపులు ఎక్కించి ఒక్క రోజే అయింది, నాలుగు రోజుల కుళ్లు ఒక్క రోజులో పోదని ఎర్నాయుడు అన్నాడు. అసిరమ్మ పిల్లలనూ ముసలివాళ్లనూ పై సొరంగానికి పంపమంది. అది ఇరుకు, నీళ్లు ఉండవు, కాని గాలి ఉంటుంది. అక్కడికి మూడు వందల అడుగులు ఎండలో నడవాలి. ఎండ ముదరకముందే పూర్తి చేయాలి.

తడి గుడ్డలు కప్పి వరసగా పంపాము. ఎర్నాయుడి చిన్నకూతురిని నేనే ఎత్తుకున్నాను. దారి మధ్యలో ఆ అమ్మాయి నా మెడ పట్టుకుని, "పెద్దమ్మా, కాయితంలో ఉన్నాదా ఇది?" అని అడిగింది.

ఉంది. ఆరో రోజు, పిల్లలను పై సొరంగానికి తరలింపు. అక్షరం పొల్లుపోకుండా మేమూ అదే చేస్తున్నాం. ఆ పాత కాయితం రాసిన మనిషి కూడా ఇలాగే ఏ పిల్లనో ఎత్తుకుని, తిరిగి వచ్చి, ఆ ఒక్క ముక్క రాసి ఉంటాడు. పై సొరంగం కూడా ఇదేనేమో నాకు తెలియదు. తన తర్వాత వచ్చేవాళ్లు ఇలా పడకూడదని రాసి ఉంటాడు. నేను దాన్ని సరిగ్గా ఇలా పడటానికి వాడాను. ఆ పిల్లను దించి తిరిగి వస్తుంటే ఏడుపు ఆగలేదు. ఎండకు కన్నీళ్లు బుగ్గ మీదికి రాకుండానే ఇంకిపోయాయి.

ఏడో రోజు

కాయితంలో లేని రోజు ఇది. ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పరు.

నేనూ చేట పట్టుకుని నురుగు తోడాను. కొత్త నురుగు రావడం లేదని మధ్యాహ్నం నాకు అనిపించింది. చెబితే మళ్లీ తొందరపడినట్టు ఉంటుందని నోరు మూసుకున్నాను. నాకది అలవాటు లేని పని. సాయంత్రం ఎర్నాయుడే అన్నాడు.

"వదినా, తోడినకాడ మళ్లీ వొస్తనేదు."

"నాను పొద్దుటేల నుంచీ సూస్తన్నాను."

"మరి సెప్పవేటి?"

"నీ సెరువు. నువ్వే సెప్పాల."

తొమ్మిదో రోజు

నిన్న రాయలేదు, నిద్రపోయాను. రెండో పంపు మూతి దగ్గర నీళ్లలో పచ్చటి నూగు కనిపించిందని నిన్న పొద్దున ఎర్నాయుడు అరిచాడట. ఈ రోజు ఆ నూగు చాప వెడల్పు అయింది. గాలిదీపం వేలెడంత లేచింది. మధ్యాహ్నం మబ్బు పట్టినప్పుడు పిల్లలందరూ దిగి వచ్చారు, ముసలివాళ్లు అందరూ దిగి వచ్చారు. మేము ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదు.

చెరువు మొదట ఎందుకు పాలిపోయిందో కూడా తేలింది. రెండో పంపు మూతిలో పాత నాచు గడ్డకట్టి ఉంది. ఎర్నాయుడు చెయ్యి పెట్టి లాగి పారేశాడు. ఆ పన్నెండు రోజులూ నా గడపలో కూర్చోకుండా గట్టు మీద కూర్చుని ఉంటే అప్పుడే కనబడేదని అతనే అన్నాడు. నేను కాదనలేదు.

అసిరమ్మ కొత్త కట్టుబాటు పెట్టింది. ఇకనుంచి పసుపు తాడు ముడి ఇద్దరు వేయాలి, ఒకరు చదివినవాళ్లు, ఒకరు ఆ పని చేయబోయేవాళ్లు. నేను ఏడాదిపాటు ఒంటరిగా కట్టకూడదు కాబట్టి నా పక్కన కూర్చోవడానికి ఎర్నాయుడు వచ్చాడు. చదవడం కోసం ముందు ఈ పుస్తకం ఇచ్చాను. వేలు పెట్టి మెల్లగా చదివాడు. మూడో రోజు దాకా వచ్చి ఆగిపోయాడు.

"వదినా, మొదట్రోజు పంపులు దించినారు, రెండోరోజు తెట్టు, మూడోరోజు సున్నం. ఇది కూడా అలగే ఉంది గదా. సగం కాలిపోయి ఎవులికైనా దొరికితే? ఆల్లూ పసుపు తాడు కట్టీగలరు."

ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో అందరికీ కాయితం చదవడం నేర్పేది నేనే. నాకు ఈ మాట తట్టలేదు. అతనికి తట్టింది. అసూయ పడ్డాను, తర్వాత సంతోషించాను.

పుస్తకం చింపి వేరే పద్ధతిలో రాద్దామనుకున్నాను. వద్దనుకున్నాను, జరిగింది జరిగిన వరసలోనే ఉండాలి. కాని ఏ పేజీ కాలిపోతుందో, ఏ పేజీ మిగులుతుందో నాకు తెలియదు. అందుకని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి ప్రతి పేజీకీ పైనా కిందా, ఎర్ర సిరా ముట్టకుండా, నల్ల సిరాతో మేమిద్దరం ఒకే మాట రాస్తున్నాం. పై వరస నేను రాస్తున్నాను. కింది వరస ఎర్నాయుడు, వంకరటింకర అక్షరాలతో.

ఇది మాకు జరిగింది, మీరు చేయవలసింది కాదు. పంపు దించడానికి చెయ్యి చాచి ఉంటే వెనక్కి తీసుకోండి, అప్పుడు పిల్లలను ఎండలో పంపే రోజు రాదు.